ఇంట్లో పడే దెబ్బల గురించి అడగడానికి పల్లెకు వెళ్ళే ముందు

అమ్మా సుమతీ,

నీ థీసిస్ టాపిక్ ఖాయమైందని మీ నాన్న చెప్పాడు. భార్యల మీద ఇంట్లో జరిగే హింసకు, వాళ్ళ ఆరోగ్యానికి, ఐదేళ్ళలోపు పిల్లల ఎదుగుదలకు ఉన్న సంబంధం మీద ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో చేస్తానన్నావట. నువ్వు పంపిన ప్రశ్నల పత్రం కూడా మొత్తం చదివాను. చాలా సంతోషం వేసింది, మన వైపు ఈ పని చేసేవాళ్ళు తక్కువ. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆరోగ్య సర్వేలతోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నాకు తెలిసినవి చెబుతాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగైనా ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు ఇది మనసులో పెట్టుకో. షుగర్ గురించి ఒక ఇల్లాలిని అడిగితే ఆమెకు వచ్చే నష్టమేమీ లేదు, మహా అయితే ఒక గంట పని ఆగుతుంది. ఈ సర్వే అలాంటిది కాదు. నువ్వు అడిగావన్న కారణంతోనే ఆ రాత్రి ఆమె మీద చెయ్యి పడొచ్చు. "ఎవరో వచ్చి మొగుడు కొడతాడా అని అడిగి రాసుకుపోయారంట, ఏం చెప్పినావు" అని అత్త అందుకుంటే చాలు. కాబట్టి నమూనా లెక్క, గణాంకాలు, గైడ్‌గారి సంతకం, ఇవన్నీ ఆమె క్షేమం తర్వాతే. ఇంకో సంగతి, ఆమె క్షేమం ఒకటి, డేటా బాగా రావడం ఇంకొకటి అనుకోకు. భయం ఉన్న చోట ఆమె ఏమీ చెప్పదు, నీ పట్టికలో సున్నా పడుతుంది, ఆ ఊళ్ళో గొడవలే లేవని నువ్వు రాసేస్తావు. ఈ పనిలో తక్కువ అంకె వచ్చిందంటే ఊరు బాగుందని సంబరపడకూడదు, అడిగిన తీరు ఎలా ఉందో ముందు చూసుకోవాలి.

ఇది నా ఒక్కదాని మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే ఇంటి హింస మీద పరిశోధన చేసేవాళ్ళకు నైతిక, భద్రతా సూచనలు అచ్చు వేసింది. ఆ సూచనల ప్రకారమే 10 దేశాల్లో 24 వేలకు పైగా ఆడవాళ్ళతో మాట్లాడి 2005లో పెద్ద నివేదిక తెచ్చారు. అందులో మన దేశం లేదు, అయినా నీ పత్రంలో ఉన్న ప్రశ్నల్లో చాలావరకు ఆ దారిలో వచ్చినవే. ఆ సూచనల పుస్తకం చిన్నదే, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, నీ టీమ్‌లో ప్రతి పిల్లా చదవాలి. చదివినట్టు సంతకం పెట్టించుకుంటే సరిపోదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించు.

సర్వేకి ఊళ్ళో ఏం పేరు చెబుతావన్నది మొదటి మెట్టు. నీ పత్రం మీద పెద్ద అక్షరాల్లో 'గృహహింస అధ్యయనం' అని ఉంది, ముందు అది తీసెయ్. 'స్త్రీలు, పిల్లల ఆరోగ్యం' అని పెట్టు. సర్పంచ్‌కీ, సచివాలయంలో వాళ్ళకీ, ఇంటి మగవాళ్ళకీ చెప్పే పేరు కూడా అదే. ఇది మోసం కదా అత్తా అంటావేమో. కాదు. నువ్వు నిజంగానే ఆరోగ్యం గురించి అడుగుతున్నావు, పిల్లల బరువు చూస్తున్నావు, రక్తం చూస్తున్నావు. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ఆ ప్రశ్నలు మొదలయ్యే ముందు ఆగి ఇంకోసారి అనుమతి అడగాలి: "అమ్మా, ఇప్పుడు అడిగేవి నీ కాపురం గురించి, నీకు ఇష్టం లేకపోతే వదిలేద్దాం, చెప్పినా ఎవరికీ తెలియదు" అని. నిజం తెలియాల్సింది ఆమెకు, ఆమెకు తెలుస్తుంది. ఊరికంతటికీ తెలియాల్సిన పని లేదు.

ఇక ఏకాంతం. నీ ప్రోటోకాల్‌లో 'ప్రైవసీ పాటించబడును' అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. కోసిగి పక్క ఒక పల్లెలో మధ్యాహ్నం పూట ఒక ఇంటికి వెళ్ళావనుకో, ఎలా ఉంటుందో చెబుతా. గుమ్మంలో అత్త బుడ్డలు ఒలుస్తూ కూర్చుని ఉంటుంది, చేటలో పప్పులు, పక్కన పొట్టు కుప్ప, ఆమె కదలదు. తలుపు లేని గది ఒకటి, మధ్యలో చీర కట్టి ఉంటుంది. కోడలి చంకలో ఒక బిడ్డ, పక్కింటామె "ఏం రాసుకుంటాండారు, బియ్యం కార్డుకా?" అంటూ లోపలికి వచ్చేస్తుంది. పిల్లలు గుంపు కడతారు. ఇలాంటి చోట నువ్వు గొంతు తగ్గించి "మీ ఆయన ఎప్పుడైనా..." అని మొదలుపెడితే గోడలు కూడా వింటాయి. అందుకే ఒక్కరుగా వెళ్ళొద్దు, ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. ఒకామె బీపీ మిషన్ తీసుకుని అత్తను అరుగు మీద కూర్చోబెట్టుకోవాలి, ఉత్తుత్తిగా కాదు, నిజంగానే బీపీ చూడాలి, మోకాళ్ళ నొప్పుల గురించి అడగాలి, ఆమె మందులు ఏవో చూసి చెప్పాలి, ఆమెకు కూడా ఒక అసలైన ప్రశ్నల పత్రం ఉండాలి. మన పల్లెల్లో పెద్దావిడ గోడు అడిగి వినేవాళ్ళే లేరు, అడిగితే గంట మాట్లాడుతుంది. ఈలోపు రెండోది కోడల్ని పెరట్లోకో, చేను గట్టుకో, అంగన్‌వాడీ సెంటర్ ఖాళీగా ఉంటే అక్కడికో తీసుకుపోవాలి. బిడ్డ బరువు, పొడవు కొలవాలంటే చదునైన చోటు కావాలి కదా, బయటికి రావడానికి ఆ కారణం చాలు.

మధ్యలో ఎవరైనా వస్తే ఏం చేయాలో ముందే అలవాటు చేసుకోవాలి. ప్రతి పేజీకి వెనక 'మారు ప్రశ్నలు' ఉంచు: బిడ్డకు ఆఖరుసారి వేయించిన టీకా ఏది, ఐరన్ మాత్రలు ఎన్ని మింగావు, నిన్న రాత్రి ఏం తిన్నావు. మొగుడు సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడు వినగానే గొంతు మారకుండా, పేజీ తిప్పుతున్నట్టు కనపడకుండా "సంగటి తిన్నావా, దాంట్లోకి పప్పు ఉండిందా" అని వెళ్ళిపోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. శిక్షణలో ఒకరు భార్యగా, ఒకరు మొగుడుగా నటించి, ఆ మొగుడు హఠాత్తుగా గదిలోకి వచ్చేలా పదేపదే చేయించు. ఆమెకు కూడా ముందే చెప్పాలి, "ఎవరన్నా వస్తే నేను మాట మారుస్తా, నువ్వూ మార్చు" అని. ఏకాంతం దొరకలేదా, ఆ భాగం వదిలెయ్, ఇంకోరోజు రా. అప్పటికీ దొరకలేదా, ఖాళీగా ఉంచు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా అదే నియమం, ఏకాంతం లేకపోతే ఆ ప్రశ్నలు అడగరు.

అదే సర్వే నుంచి ఇంకొకటి తీసుకో. 2005-06లో ఈ ప్రశ్నలు పద్ధతిగా అడగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇంటికి ఒక్క ఆడమనిషినే ఎంచుకుంటారు. నువ్వు అర్హత ఉన్న అందరినీ అడుగుతానని రాశావు. తోడికోడళ్ళు ఇద్దరున్న ఇంట్లో ఇద్దరినీ అడిగితే, ఇద్దరూ వంటింట్లో చేరి "నిన్నేం అడిగింది, నన్ను ఇది అడిగింది" అనుకుంటారు, పొద్దుగూకే లోపల ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. చీటీ తీసి ఒకరిని ఎంచుకో. మొగుళ్ళను కూడా అడగాలని మీ గైడ్‌గారు అన్నారట. ఆలోచన మంచిదే, కానీ ఆ ఊళ్ళో వద్దు. ఆసియా పసిఫిక్ దేశాల్లో ఐక్యరాజ్యసమితి తరఫున మగవాళ్ళతోనే చేసిన సర్వే 2013లో వచ్చింది, పదివేల మంది మగవాళ్ళతో మాట్లాడారు. ఆడవాళ్ళనీ అడిగిన చోట మగవాళ్ళ ఊళ్ళు వేరు, ఆడవాళ్ళ ఊళ్ళు వేరు. అలా కుదిరితే చెయ్యి, కుదరకపోతే ఆ ముచ్చట ఇంకో థీసిస్‌కి ఉంచుకో.

ప్రశ్నలు వేసేది ఎవరు? ఆశా కార్యకర్తలతో చేయిస్తే ఖర్చు తగ్గుతుంది, ఊరు తెలుసు, అందరూ నమ్ముతారు అని రాశావు. ఊరు తెలియడమే ఇక్కడ ఇబ్బంది. ఆశ ఆ ఊరి కోడలే, ఆమె మొగుడూ ఈమె మొగుడూ ఒకే బంక దగ్గర కూర్చుంటారు. మనసులో మాట ఈమెకు చెబితే ఎంత దూరం పోతుందో అన్న భయం ఆ తల్లికి ఉంటుంది, ఆశకు కూడా తర్వాత ఊళ్ళో తిప్పలు. ఇల్లు చూపించడానికి, పరిచయానికి ఆశ సాయం తీసుకో, అంతవరకే. ప్రశ్నలు అడిగేవాళ్ళు పక్క మండలం వాళ్ళై ఉండాలి, ఆడవాళ్ళే అయి ఉండాలి, వీలైతే పెళ్ళైనవాళ్ళు కొందరు ఉండాలి. ఆదోని వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి, ఉర్దూ ఇళ్ళు ఉన్నాయి, ఆ భాష వచ్చినవాళ్ళు నీ దగ్గర లేకపోతే పక్కింటామెను అడ్డం పెట్టుకుని అడిగించకు, ఆ ఇంటిని నమూనాలో వదిలేసినా నయం.

డిగ్రీలు, అనుభవం చూసి ఎంచుకోకు. సెర్బియాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వే చేసినప్పుడు రెండు రకాల వాళ్ళను పోల్చి చూశారు. సర్వేలు వృత్తిగా చేసేవాళ్ళకు కొద్దిపాటి శిక్షణ, అనుభవం లేకపోయినా జాగ్రత్తగా ఎంచుకున్న ఆడవాళ్ళకు రెండు మూడు వారాల శిక్షణ. మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్ళూ, హింస గురించి చెప్పుకున్నవాళ్ళూ రెండో రకం దగ్గరే ఎక్కువ. నీ బడ్జెట్‌లో శిక్షణకు రెండే రోజులు పెట్టావు, దాన్ని ఎలాగైనా పెంచు, అవసరమైతే ఇళ్ళు తగ్గించుకో. ఆ శిక్షణలో మొదట మాట్లాడాల్సింది వాళ్ళ సొంత మనసులో ఉన్నవాటి గురించి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలోనే 83 శాతం పైగా, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం న్యాయమే అన్నారు: చెప్పకుండా బయటికి పోతే, అత్తమామల్ని లెక్కచేయకపోతే, వంట సరిగ్గా చేయకపోతే, ఇలా ఏడు కారణాలు అడిగారు. నీ టీమ్‌లో పిల్లలు కూడా ఈ ఊళ్ళలోనే పెరిగారు కదా, వాళ్ళ మనసులో కూడా అది ఎక్కడో ఉంటుంది. "నువ్వేమన్నావు, ఎందుకు కొట్టాడు?" అన్న ప్రశ్న నోట్లోంచి ఒక్కసారి జారినా ఆ తల్లి మూతి బిగించుకుంటుంది. ఎందుకు అని అడగకూడదు. ఏం జరిగింది, ఎన్నిసార్లు, దెబ్బ ఎక్కడ తగిలింది, అంతే.

ప్రశ్నలు కూడా అలాగే ఉండాలి. "మీరు ఇంట్లో హింసకు గురవుతున్నారా?" అని నీ పత్రంలో ఉంది, దాన్ని కొట్టెయ్. చెంపదెబ్బ కొట్టాడా, తోశాడా, ఏదైనా విసిరాడా, జుట్టు పట్టి లాగాడా, చెయ్యి మెలిపెట్టాడా, తన్నాడా, ఈడ్చాడా, గొంతు నులిమాడా, కాల్చాడా, కత్తి చూపించాడా, ఇష్టం లేకపోయినా బలవంతం చేశాడా, ఇలా ఒక్కొక్కటీ విడిగా అడుగు. ఈ పద్ధతికి మూలం 1979లో స్ట్రాస్ అనే అమెరికా పరిశోధకుడు చేసిన కొలత, కుటుంబ ఆరోగ్య సర్వేలో దాన్నే మార్చి వాడుతున్నారు. ఒక్కోదానికీ మూడు కాలాలు: ఎప్పుడైనా జరిగిందా, గత 12 నెలల్లో జరిగిందా, కడుపుతో ఉన్నప్పుడు జరిగిందా. మూడోది మర్చిపోతే నీ థీసిస్‌లో పిల్లల భాగం నిలబడదు. తిట్లు, అవమానాలు, అనుమానం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, పుట్టింటికి పోనివ్వకపోవడం, ఫోన్ లాక్కోవడం, ఇవి కూడా అడుగు. 2005 గృహహింస చట్టం దెబ్బలనే కాదు, మాటలతో పెట్టే బాధనూ, డబ్బుతో కట్టడి చేయడాన్నీ, లైంగిక హింసనూ కలిపే చూస్తుంది. ఇంకో సంగతి, కడప, రాయచోటి వైపు కూడా కొన్ని ఊళ్ళు కలుపుతానన్నావు కదా, అక్కడ మొగుడు కువైట్‌లో ఉన్న ఇళ్ళు చాలా తగులుతాయి. గత ఏడాది కొట్టాడా అంటే లేదంటుంది, మనిషే ఇక్కడ లేడు కాబట్టి. రోజూ వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమంటాడు, డబ్బు అత్త ఖాతాలో వేస్తాడు, ఆమె అన్నిటికీ చెయ్యి చాచాలి. అత్తింటివాళ్ళు పెట్టే బాధకు విడిగా ప్రశ్నలు లేకపోతే ఆమె నీ పట్టికలో సుఖంగా ఉన్న మనిషిగా లెక్కలోకి వస్తుంది.

ఆరోగ్యం వైపు నువ్వు బాగానే రాశావు, డాక్టరువి కదా, నేను చెప్పేది తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వేసిన లెక్కల ప్రకారం భర్త చేతిలో హింస చూసిన ఆడవాళ్ళకు తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువ, డిప్రెషన్ దాదాపు రెట్టింపు. మన దేశంలోనే 1998-99 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల మీద తర్వాత చేసిన ఒక విశ్లేషణలో, గత ఏడాది పలుమార్లు దెబ్బలు తిన్న ఆడవాళ్ళలో రక్తహీనత, తక్కువ బరువు ఎక్కువగా కనిపించాయి. దెబ్బ కడుపు మీద పడటం ఒక్కటే దారి కాదని ఇది చెబుతుంది. ఆమె ఆఖరున తింటుంది, మిగిలితే తింటుంది. మొహం వాచి ఉంటే స్కానింగ్ రోజు ఆసుపత్రికి పోదు, అంగన్‌వాడీలో బిడ్డను తూకం వేసే రోజు కూడా పోదు, ఎవరైనా అడుగుతారని. బిడ్డకు విరేచనాలైతే ఆదోనికి తీసుకుపోవడానికి బస్సు చార్జీ చేతిలో ఉండదు. నిద్ర ఉండదు, గుండె దడ, తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే బలానికని ఒక సూది వేసి పంపుతాడు. తల్లీబిడ్డల కార్డు ఉంటే చూపించమను, ఏ నెలలో చూపించుకోలేదో చూడు. ఎందుకు పోలేకపోయావని మెల్లిగా అడిగితే, నేరుగా హింస ప్రశ్నలకు నోరు విప్పనిది కూడా అక్కడ చెబుతుంది.

కొలతల్లో మాత్రం కచ్చితంగా ఉండు. రెండేళ్ళలోపు బిడ్డను పలక మీద పడుకోబెట్టి పొడవు, ఆపై పిల్లలను నిలబెట్టి ఎత్తు, బట్టలు తీసి బరువు, అన్నీ రెండుసార్లు. పోలిక 2006 ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలతో. హిమోగ్లోబిన్ అక్కడే చూస్తే ఫలితం అక్కడే చెప్పు, ఆమె నీకు రక్తం ఇచ్చింది, కనీసం ఆ ముక్క ఆమెకు దక్కాలి. నువ్వు చేసేది ఒక్కసారి చూసే సర్వే కాబట్టి 'హింస వల్ల బిడ్డ గిడసబారింది' అని రాయకు. పేదరికం, తాగుడు, పదహారేళ్ళకే పెళ్ళి, తల్లి చదువు, ఇవన్నీ రెండు వైపులా లాగుతాయి, వాటిని లెక్కలోకి తీసుకో, సంబంధం ఉంది అన్నంతవరకే రాయి.

వయసు దగ్గర గట్టిగా చెబుతున్నా, 18 నిండినవాళ్ళనే తీసుకో. 2019-21 సర్వేలో కూడా ఈ ప్రశ్నలు 18 నుంచి 49 ఏళ్ళ వాళ్ళనే అడిగారు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు, 15 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న భార్యతో భర్త కలవడం కూడా అత్యాచారమే అంది. మన వైపు చిన్న వయసు పెళ్ళిళ్ళు ఎన్నో నీకు తెలుసు. 17 ఏళ్ళ కోడలితో "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి కూర్చున్నావంటే, మాట తప్పాలి లేదా చట్టం తప్పాలి. ఆ పిల్లలకు న్యాయం అక్కర్లేదని కాదు. ఈ సర్వే వాళ్ళను కాపాడే పనిముట్టు కాదు. 18 దాటినామె కూడా ఇంట్లో చిన్నపిల్ల మీద అలాంటిది జరుగుతోందని చెప్పొచ్చు, అందుకే అనుమతి అడిగేటప్పుడే "పిల్లలకు ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం నేను చెప్పాల్సి ఉంటుంది" అని మొదటే తేటగా చెప్పు. పిల్లల్ని నేరుగా కూర్చోబెట్టి నాన్న అమ్మను కొడతాడా అని అడిగే ఆ చివరి పేజీ ఉందే, అది వద్దు తల్లీ. ఇంట్లో గొడవలు చూస్తూ పెరిగిన పిల్లల మీద ఆ ప్రభావం ఎంత దూరం పోతుందో 1998లో కాలిఫోర్నియాలో ఫెలిట్టి, ఆండా బృందం చూపించింది, అది పెద్దవాళ్ళను వాళ్ళ బాల్యం గురించి అడిగి తెలుసుకున్నది, పిల్లల్ని అడిగి కాదు.

సంతకాల సంగతి ఎథిక్స్ కమిటీ దగ్గర ముందే తేల్చుకో. చదువురాని ఆమె వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి ఉండాలంటారు. ఆ సాక్షి ఎవరు? ఆ ఇంట్లో మనిషో, పక్కింటి మనిషో. అంటే ఏకాంతం అక్కడే పోయింది. నోటిమాట అనుమతి చాలు, మా టీమ్‌లో రెండో ఆమె అది నమోదు చేస్తుంది అని కారణాలతో కమిటీకి రాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో సున్నితమైన పరిశోధనలకు ఇలాంటి మినహాయింపు అడిగే దారి ఉంది. అనుమతి పత్రం కాపీ ఆ ఇంట్లో వదిలిపెట్టకు, అది ఏదో ఒకరోజు మొగుడి కంట పడుతుంది.

ఆమె చెప్పింది, ఏడ్చింది. ఆ తర్వాత నువ్వేం చేస్తావన్నది నీ పత్రంలో లేదు. 2019-21 సర్వేలో దెబ్బలు తిన్నవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు దేశం మొత్తం మీద 14 శాతమే. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ చెప్పనే లేదు. అంటే నీ ఎదురుగా ఏడుస్తున్న ఆమె బహుశా మొదటిసారి చెబుతోంది. పెన్ను కింద పెట్టు. విను. "నీ తప్పేం లేదు" అని ఒక్క మాట అను. ఇప్పుడు ఇంట్లో ఉంటే ప్రాణానికి భయముందా అని అడుగు. ఏం చేయాలో నువ్వు చెప్పకు, విడిచిపెట్టు అనకు, సర్దుకుపో అని అసలే అనకు. ఏ సాయం ఎక్కడ ఉందో చెప్పు, తీసుకోవడం మానడం ఆమె ఇష్టం. మానసిక ఆరోగ్యానికి నువ్వు పెట్టిన 20 ప్రశ్నల్లో చచ్చిపోవాలనిపించిందా అన్నది ఒకటి ఉంది చూడు, దానికి అవునంటే తర్వాతి ప్రశ్నకు పోకూడదు. ఆమెను ఒంటరిగా వదలకుండా ఆరోజే ఎవరితో మాట్లాడించాలో నీకు ముందే తెలిసి ఉండాలి. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అందుకే సర్వేకి ముందే నువ్వే స్వయంగా హింస పడ్డ ఆడవాళ్ళకు సాయం చేసే జిల్లా సఖి సెంటర్‌కి వెళ్ళు. ఎవరున్నారు, రాత్రి ఉండనిస్తారా, పిల్లల్ని తీసుకురావొచ్చా, కోసిగి నుంచి ఎలా రావాలి, అన్నీ కళ్ళతో చూడు. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి రాత్రి పూట ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతాడు, వాళ్ళను కలువు. గృహహింస చట్టం కింద ఉండే రక్షణ అధికారి ఎవరో కనుక్కుని పరిచయం చేసుకో. మీ ఆసుపత్రిలోనే ఒక సోషల్ వర్కర్, ఒక గైనిక్ డాక్టరు నీ మాట మీద ఈ తల్లులను చూస్తామని ఒప్పుకుంటే ఇంకా మంచిది. ముంబై బాంద్రాలో భాభా మునిసిపల్ ఆసుపత్రిలో 2000 ప్రాంతంలో దిలాసా అని దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోసం ఒక కేంద్రం పెట్టారు, ఆసుపత్రి లోపలే. కాలు విరిగిందని వచ్చినామెను కూడా అక్కడికి పంపేవాళ్ళు. ఆసుపత్రికి పోతున్నానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు, ఆ ఉపాయం మనకూ పనికొస్తుంది. ఆమె చేతికి ఇచ్చే కార్డు అగ్గిపెట్టె అంత ఉండాలి, అందులో 108, 104, టీకాల రోజు, అంగన్‌వాడీ, మధ్యలో ఏ వివరం లేకుండా 181, పిల్లల సాయానికి ఉన్న 1098 నంబర్లు. జాకెట్లో పెట్టుకున్నా, మొగుడు చూసినా ఆరోగ్యం కార్డే. ఆ కార్డు హింస చెప్పినవాళ్ళకే కాదు, అందరికీ ఇవ్వు.

కాలం కూడా చూసుకో. మిరపకాయల కాలంలో కోసిగి, మంత్రాలయం పల్లెలు సగం ఖాళీ, సుగ్గికని, అంటే కూలి పనులకు వలసగా, గుంటూరు వైపు పోతారు, ముసలివాళ్ళే మిగులుతారు. అప్పుడు వెళ్ళి తలుపు తాళం ఉన్న ఇళ్ళను వదిలేసుకుంటూ పోతే, అందరికంటే కష్టంలో ఉన్న తల్లులే నీ లెక్కలోంచి జారిపోతారు. వానలు పడ్డాక అందరూ ఊళ్ళో ఉన్నప్పుడు పెట్టుకో, విత్తనాల వారం మాత్రం వదులు.

నీ టీమ్ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండు. రోజంతా ఇవి విన్నాక రాత్రి నిద్ర పట్టదు. వాళ్ళలో ఒకరిద్దరి ఇళ్ళలోనే ఇది జరుగుతూ ఉంటుంది, ఆ సంగతి నీకు చెప్పకపోవచ్చు. రోజుకు రెండు మూడు ఇళ్ళకు మించి ఎవరికీ ఇవ్వకు, సాయంత్రం అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే బస్సు ఎక్కండి. ఎవరైనా నేను రేపు రాలేనంటే కారణం అడక్కుండా ఒప్పుకో, జీతం కోయకు.

డేటా గురించి రెండు మాటలు. ట్యాబ్‌లో ఇంటి లొకేషన్ నమోదయ్యేది ఆపెయ్. పేర్లు ఒక చోట, జవాబులు ఒక చోట, కలిపే నంబర్ల పుస్తకం నీ దగ్గర తాళంలో. థీసిస్‌లో ఊరి పేరు రాయకు, 'ఫలానా కులం, 26 ఏళ్ళు, ముగ్గురు ఆడపిల్లలు, మొగుడు ఆటో' అని రాస్తే ఊరి పేరు లేకపోయినా ఆ చుట్టుపక్కల అందరికీ అది ఎవరో తెలిసిపోతుంది. ఫొటోలు వద్దే వద్దు, తల్లి మొహం కనపడకుండా వెనకనుంచి తీసినా వద్దు, చీర గుర్తుపడతారు. కాన్ఫరెన్స్‌లో ఎవరైనా ఏ ఊళ్ళో ఎక్కువ ఉంది అని అడిగితే చెప్పకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇది. ఈ నెలలో పత్రం తిరగరాయి, హింస ప్రశ్నలు మధ్యలోకి తీసుకురా, ముందు పిల్లల ఆరోగ్యం, వెనక మళ్ళీ ఆమెకు కాస్త తేలికపడే ప్రశ్నలు, మీ ఊరు ఏది, నీకు ఏ పని బాగా వచ్చు, అట్లాంటివి. తర్వాత కన్నడం, ఉర్దూ వచ్చినవాళ్ళతో చదివించు. ఆదోనిలో నాకు తెలిసిన రిటైర్డ్ నర్సులు ఇద్దరున్నారు, శిక్షణకు వస్తామన్నారు, డబ్బులు తీసుకోరు కానీ బస్సు చార్జీ, భోజనం నువ్వు చూసుకో. సఖి సెంటర్‌కి వెళ్ళే రోజు చెప్పు, నేనూ వస్తా, పొద్దున ఎనిమిదికల్లా బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి పని అయిపోతుంది.

మీ అత్త